మెక్సికో సిటీలో పోయిన పర్సు, అడిగిన పుట్టింటి పేరు

క్రిస్‌మస్ సెలవులకు డాలస్ నుంచి మెక్సికో సిటీకి వెళ్లి తిరిగివచ్చి నేటికి పన్నెండు రోజులైంది. అక్కడ నా పర్సు పోయింది, ఫోను పోయింది. ఆ రెండూ పోయినందుకు కలిగిన బాధ కంటే, పోయాయన్న సంగతిని ఒక కాగితం మీద రాయించుకోవడానికి పడిన అవస్థే ఇప్పటికీ నన్ను ఎక్కువగా వేధిస్తోంది. అటు వెళ్లే తెలుగువారికి పనికివస్తుందని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

వెళ్లడం సులువే. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గాని గ్రీన్‌కార్డు గాని ఉంటే భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి మెక్సికో వీసా అక్కరలేదు.

బిచ్చమడిగేవారి గురించి మిత్రులు చాలా భయపెట్టి పంపారు గాని, వారి వల్ల మాకు జరిగిన నష్టం ఏమీ లేదు. వాహనాలు తిరగని మదేరో వీధిలోనూ, సోకలో అనే పెద్ద చౌకులోనూ చూయింగ్ గమ్ అమ్మే పిల్లలు, వేషాలు కట్టి ఫోటోకు డబ్బు అడిగేవారు, సాంబ్రాణిలాంటి కొపాల్ పొగ వేసి ఆకులతో ఒళ్లంతా తుడిచి అచ్చం మన దిష్టి తీసినట్టే తీసేవారు వరుసగా ఎదురవుతారు. ఖాకీ దుస్తుల్లో టోపీ చాపుతూ ఎదురొచ్చిన ఒకాయనను పోలీసనుకుని నేనే మర్యాదగా పక్కకు తప్పుకున్నాను. తీరా చూస్తే వారు ఒర్గనియేరోలట. ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చిన బరువైన సంగీతపు పెట్టెలను చేత్తో తిప్పుతూ వీధిలో పాట వినిపించి చిల్లర అడుగుతారు. వారిని బిచ్చగాళ్లనడం తప్పు; ఎండలో ఆ పెట్టె మోయడం కూడా ఉద్యోగమే. ఇవ్వదలిస్తే ఐదో పదో పెసోల నాణెం చాలు. ఇవ్వకూడదనుకుంటే చూపుడువేలు అటూ ఇటూ ఆడించి 'నో, గ్రాసియాస్' అంటే సరిపోతుంది. అక్కడ ఆ సైగను ఎవరూ అమర్యాదగా తీసుకోరు.

మూడు రోజులు మా ఆవిడకు ఇదే పాఠం చెప్పాను. కాలేజీ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి దాకా కిక్కిరిసిన సిటీ బస్సుల్లో ఫుట్‌బోర్డు మీద వేలాడి కూడా ఒక్కసారైనా జేబు కొట్టించుకోని మనిషినని గొప్పగా చెప్పుకున్నాను. నాలుగో రోజు ఉదయం మెట్రో రెండో లైను ఎక్కాము. టికెట్టు ఐదు పెసోలే. రద్దీ వేళల్లో రైలు ముందు భాగంలోని పెట్టెలు స్త్రీలకూ చిన్నపిల్లలకూ కేటాయిస్తారు కనుక ఆవిడా మా అమ్మాయీ అందులో ఎక్కారు, నేను వెనుక పెట్టెలో ఎక్కాను. అందులో ఒక చూపులేని పెద్దాయన మెడకు చిన్న స్పీకరు తగిలించుకుని పాడుతూ వచ్చాడు. మూడు రోజులుగా ఎవరికీ పైసా ఇవ్వలేదన్న అపరాధభావం పీకి, పర్సు తీసి పది పెసోలు ఇచ్చాను. ఇచ్చిన తరువాత దానిని ఏ జేబులో పెట్టుకున్నానో ఆ పెట్టెలోని వారందరూ చూసి ఉంటారు.

పీనో సువారెస్ స్టేషనులో దిగాలి. మెట్రో తవ్వకాల్లో బయటపడిన గాలిదేవుడి గుడి అక్కడ స్టేషను మధ్యలోనే ఉంది. అది చూడాలని మా కోరిక. తలుపు తెరుచుకునే వేళ ఒకడు నా కాళ్ల దగ్గర తాళాలు జారవిడిచి వంగాడు, వెనుక నుంచి ఇద్దరు ఒత్తారు, నేను పెద్దమనిషి తరహాలో తాళాలు ఎక్కడ పడ్డాయో వెతికిపెట్టే పనిలో మునిగాను. ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రెండు ముందు జేబులూ ఖాళీ. పర్సు ముందు జేబులో పెట్టుకుంటే పోదని సలహా ఇచ్చేవారి మాట ఇకపై నేను వినను.

మా ఆవిడ ఫోను నుంచి కార్డులన్నీ ఆపించడానికి, పోయిన ఫోనును దూరం నుంచే లాక్ చేయడానికి అరగంట పట్టింది. "ఏమండీ, కోఠి బస్సులో ఇలా జరగలేదు కదూ" అని ఆవిడ ఒక్కసారే అన్నది గాని, ఆ ఒక్కసారీ చాలా నెమ్మదిగా అన్నది.

క్రెడిట్ కార్డుతో వచ్చిన ప్రయాణ బీమా కింద పరిహారం రావాలంటే అధికారిక ఫిర్యాదు పత్రం ఉండాలి. స్టేషనులోని పోలీసు మంచివాడే, కానీ ఫిర్యాదు రాసుకోవడం తన పని కాదనీ, ప్రాసిక్యూటరు కార్యాలయంలో రాయించాలనీ చెప్పి దారి చూపించాడు. ఆ కార్యాలయంలో మేము పదకొండున్నరకు అడుగుపెట్టాము. గంటన్నర కూర్చోబెట్టిన తరువాత పాస్‌పోర్టు అసలుదే కావాలన్నారు; హోటలుకు వెళ్లి తెచ్చాను. ఆ ఫోను నాదేనని రుజువు కావాలన్నారు. కొన్న రసీదును ఈమెయిల్లో వెతికి చూపించాను. ప్రతి ఫోనుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ, అడిగారు. ఆ పదిహేను అంకెలు ఫోను పెట్టె మీద ఉంటాయి, పెట్టె డాలస్‌లో ఉంది. ఫోను కంపెనీ ఖాతాలోకి వెళ్లి వెతికితే అక్కడా కనబడింది. మీరు మాత్రం బయలుదేరే ముందే దానిని రాసిపెట్టుకోండి.

స్పానిష్ మాకు రాదు. మెక్సికోలోనే మరో నగరమైన గ్వాదలహారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా ఆవిడ పిన్నిగారబ్బాయి ఫోనులో ఉండి అనువదించాడు. మధ్యాహ్నం మూడున్నర దాటాక గుమస్తా నా పేరు టైపు చేయడం మొదలుపెట్టింది. అసలు కథ అక్కడ మొదలైంది.

మెక్సికోలో సాధారణంగా ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు: మొదటిది తండ్రిది, రెండోది తల్లిది. ఆడవారు పెళ్లయినా ఇంటిపేరు మార్చుకోరు. "మీ అమ్మగారి ఇంటిపేరు?" అని ఆమె అడిగింది. మా ఇంటిపేరే చెప్పాను. అది తండ్రిది, తల్లిది చెప్పమంది. అదీ ఇదేనన్నాను. ఆమె టైపు చేయడం ఆపి, పక్క బల్ల మీది ఆయనను పిలిచి ఏదో అన్నది. ఇద్దరూ నన్ను పరిశీలనగా చూశారు. ఫోనులో మా బావమరిది కాసేపు మాట్లాడకుండా ఉండి, "బావగారూ, మీ అమ్మానాన్నలు అన్నాచెల్లెళ్లా అని అడుగుతోంది, కోపం తెచ్చుకోకండి" అన్నాడు.

పెళ్లయితే మా వైపు ఇంటిపేరు మారుతుందని చెప్పించాను. అయితే పెళ్లికి ముందుదే కావాలంది. అప్పుడు తెలిసింది, నలభై ఆరేళ్ల వయసులో మా అమ్మ పుట్టింటి పేరు నాకు ఖచ్చితంగా రాదని. తాతగారిని ఊరంతా 'కరణంగారు' అనేవారు, మేమూ అలాగే అన్నాము. మేనమామలు పొడి అక్షరంతో సరిపెట్టుకునేవారు. ఏదో ఒకటి చెప్పి బయటపడమని బావమరిది నూరిపోశాడు గాని, ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితం మీద అబద్ధమాడడానికి మనసొప్పలేదు. ఖమ్మానికి ఫోను చేశాను. అక్కడ తెల్లవారుజామున మూడున్నర.

"ఎవరికేమైందిరా?" అన్నది అమ్మ, హలో కూడా అనకుండా. ఎవరికీ ఏమీ కాలేదనీ, పర్సు పోయిందనీ, నీ పుట్టింటి పేరు చెప్పమనీ అన్నాను. "పర్సు పోతే మా పుట్టింటివాళ్లేం చేస్తార్రా?" అన్నది. గదిలో వరుసలో కూర్చున్న పదిమందీ వింటూ ఉండగా, అమ్మ చెప్పిన ఒక్కొక్క అక్షరాన్నీ నేను ఇంగ్లీషులో పలకడం, బావమరిది స్పానిష్‌లో పలకడం, గుమస్తా టైపు చేసి చెరపడం పావుగంట సాగింది. మధ్యలో అమ్మ, గోత్రం కూడా కావాలా అని అడిగింది.

సాయంత్రం ఐదుంబావుకు ముద్రలు వేసిన కాగితాలు చేతికొచ్చాయి. ఫీజు ఏమీ తీసుకోలేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. అయితే ఐదుముప్పావు గంటలు నిర్దోషిని నేరస్తుడిలా బెంచీ మీద కూర్చోబెట్టే పద్ధతి ఏ దేశానికీ గౌరవం కాదు. మీకు ఇలాంటి పని పడితే, పేరును పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు మాత్రమే రాయమని మొదటే పట్టుబట్టండి. ఈ ముక్క మా బావమరిది ఆ రోజే చెప్పి ఉండవలసింది. మర్నాడు తన ఆఫీసులో ఎవరినో కనుక్కుని చెప్పాడు.

ఎందుకంటే, డాలస్ చేరాక బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు పత్రంలోని పేరుకూ పాలసీదారు పేరుకూ పొంతన లేదనీ, చివర అదనంగా కనిపిస్తున్న ఇంటిపేరు ఎవరిదో ఆధారంతో తెలపాలనీ దాని సారాంశం. మా అమ్మగారిదని రాశాను. రుజువు పంపమన్నారు. 1974లో పల్లెటూరిలో పందిరి వేసి చేసిన పెళ్లికి సర్టిఫికెట్టు ఎక్కడిది? రెండు రోజులు ట్రంకు పెట్టెలన్నీ వెతికి, నిన్న రాత్రి అమ్మ తన పెళ్లి శుభలేఖను ఫోటో తీయించి పంపింది. పసుపు మరక పక్కనే తాతగారి ఇంటిపేరు స్పష్టంగా ఉంది. శుభలేఖ తెలుగులో ఉంది, ఫిర్యాదు స్పానిష్‌లో ఉంది. రెండింటికీ ఇంగ్లీషు అనువాదాలు శుక్రవారంలోగా పంపాలట.