డుమాపికా, కటినోనా?

పాత కంప్యూటర్ ఆట ‘విజార్డ్రీ’ మొదటి భాగం ఆడదామనుకునేవాళ్లు ముందుగా తెచ్చుకోవాల్సినవి గ్రాఫ్ షీట్లు. జట్టుని వెంటేసుకుని డంజన్‌లో, అంటే రాక్షసులుండే నేలమాళిగ చిక్కుదారుల్లో, తిరగడమే ఆట. అంతస్తుకి ఒకటి చొప్పున పది. దాంతోపాటు ఒక హెచ్‌బీ పెన్సిల్, మరకలు పడకుండా చెరిపే రబ్బరు. పెన్ను పనికిరాదు. మొదటి అంతస్తు సగం తిరిగేసరికే ఏదో ఒక గోడ చెరిపి మళ్లీ గీయాల్సి వస్తుంది.

కార్నెల్ యూనివర్సిటీలో చదువుతున్న ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ రాసిన ఈ ఆటని సర్‌టెక్ కంపెనీ 1981లో యాపిల్ టూ కంప్యూటర్ కోసం విడుదల చేసింది. కంప్యూటర్‌లో 48 కిలోబైట్ల మెమరీ, ఫ్లాపీ ఒక్కో పక్క 140 కిలోబైట్లు. అంతలోనే ఆరుగురి జట్టు, యాభై మంత్రాలు, పది అంతస్తుల డంజన్ పట్టించారు. తెర మీద ఒక మూల చిన్న కిటికీలో గీతలతో గోడలు కనిపిస్తాయి, అంతే. మ్యాప్ ఎక్కడా ఉండదు. మరుసటి ఏడు వచ్చిన ‘అల్టిమా 2’ అనే ఇంకో ఆట పెట్టెలో గుడ్డ మీద అచ్చేసిన మ్యాప్ ఇచ్చారు. అది అందమైన వస్తువే, కాదనను. కానీ ఆ కాలపు ఆటల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం మన చేత్తో గీసుకున్న మ్యాపే.

ప్రతి అంతస్తూ అటు ఇరవై, ఇటు ఇరవై గళ్లు. మన స్కూలు గ్రాఫ్ షీట్ మీద గడికి 5 మిల్లీమీటర్లు తీసుకుంటే 10 సెంటీమీటర్ల చదరంలో అంతస్తు మొత్తం పడుతుంది, పక్కన గుర్తులు రాసుకోవడానికి చోటూ మిగులుతుంది. సెంటీమీటర్ గళ్లు తీసుకుంటే ఏ4 కాగితం వెడల్పంతా దానికే సరిపోతుంది, పక్కన రాసుకోవడానికి చోటు మిగలదు. అడుగున ఎడమ నుంచి కుడికి, పక్కన కింది నుంచి పైకి 0 నుంచి 19 దాకా అంకెలు వేయండి. డంజన్ నుంచి పైనున్న కోటకి వెళ్లే మెట్లు మొదటి అంతస్తులో సున్నా, సున్నా దగ్గర, అంటే నైరుతి మూల గడిలో ఉంటాయి. అలవాటుగా కాగితం మధ్యలో మొదలుపెట్టారో, తూర్పు వైపు చోటు చాలక షీటు అతికించుకోవాల్సి వస్తుంది.

ఇందులో గోడలు గళ్ల మధ్య గీతల మీద ఉంటాయి, గళ్లని ఆక్రమించవు. అందుకని గడిని నింపకూడదు, దాని అంచుని దిద్దాలి. తలుపైతే గీత మధ్యలో చిన్న అడ్డగీత. 1987లో వచ్చిన ‘డంజన్ మాస్టర్’లో ఇది తిరగబడుతుంది. అక్కడ గోడే ఒక గడి, కాబట్టి గడి మొత్తం నల్లగా నింపాలి. ఒక ఆట పద్ధతిలో ఇంకో ఆట గీస్తే నాలుగు మలుపులు తిరిగేలోపే దారులు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

అసలు సంగతి డుమాపిక్ అనే మంత్రంలో ఉంది. సి నొక్కి క్యాంప్ వేసి, మాంత్రికుడి చేత పేరు అక్షరం అక్షరం టైప్ చేసి వేయించాలి. మెట్ల నుంచి ఎన్ని గళ్లు తూర్పున, ఎన్ని ఉత్తరాన, ఎంత లోతున ఉన్నామో, ఏ దిక్కుకి చూస్తున్నామో చెబుతుంది. అయితే ఇది మొదటి స్థాయి మంత్రం. ఒక గుంపు రాక్షసులని నిద్రపుచ్చే కటినో కూడా మొదటి స్థాయిదే, రెండింటికీ ఖాతా ఒకటే. కొత్త మాంత్రికుడు ఆ స్థాయి మంత్రాలు రెండే వేయగలడు. లెవెల్ పెరిగి డుమాపిక్ నేర్చుకున్నాక కూడా చాలా దూరం ఇదే ఇరకాటం: ఇప్పుడు మనం ఎక్కడున్నామో తెలుసుకుంటే, వెనక్కి వెళ్లే దారిలో ఎదురయ్యే గుంపుని నిద్రపుచ్చడానికి ఒక మంత్రం తగ్గినట్టే. గీత చక్కగా గీసినవాడికి డుమాపిక్ అక్కర్లేదు, ఆ మంత్రం కటినోకి మిగులుతుంది. పెన్సిల్ పనితనం నేరుగా జట్టు ప్రాణాలుగా మారే ఇంత చక్కని లెక్క తర్వాతి ఆటల్లో నాకు దొరకలేదు. మ్యాప్‌ని ఆటే గీసిపెట్టడం మొదలయ్యాక ఈ లెక్క ఆటలోంచి పూర్తిగా పోయింది.

మంత్రాలు అయిపోతే కోటకి వచ్చి మాంత్రికుణ్ని సత్రంలోని గుర్రపుశాలలో పడుకోబెట్టండి. డబ్బులు పడవు, మంత్రాలన్నీ తిరిగొస్తాయి. హిట్ పాయింట్లు, అంటే దెబ్బలకి తరిగే ప్రాణశక్తి, మాత్రం పెరగవు. వాటికి పూజారి చేత గాయాలు మాన్పే డియోస్ మంత్రం వేయించి, అతన్ని మళ్లీ గుర్రపుశాలకి పంపితే సరి.

మ్యాప్ ఎక్కడ చెడుతుందంటే, మొదటిది అంచు. సున్నా గడి నుంచి పడమరకి దారి ఉంటే, అడుగు వేయగానే పంతొమ్మిదో గడిలో తేలతారు. ఇది తెలియనివాళ్లు కాగితం బయటికి గీస్తూ పోతారు. రెండోది స్పిన్నర్. ఆ గడిలో కాలు పెట్టగానే జట్టుని ఏదో ఒక దిక్కుకి తిప్పేస్తుంది, ఒక్క ముక్కా చెప్పదు. పొడుగాటి నడవలో అయితే ముందూ వెనకా ఒకేలా ఉంటాయి కాబట్టి పట్టుకోవడం కష్టం. జట్టుని ఇంకో గడికి చేరవేసే టెలిపోర్టర్ కూడా ఇంతే నిశ్శబ్దంగా పని చేస్తుంది. ఎదురుగా ఉన్న గోడకీ కాగితానికీ పొంతన కుదరకపోతే వెంటనే ఆగండి. అంతకుముందు గీసింది చెరపకండి, తప్పు చాలాసార్లు ఆఖరి నాలుగైదు అడుగుల్లోనే ఉంటుంది. డుమాపిక్ ఖర్చుపెట్టాల్సిన సమయం ఇదే.

చీకటి గళ్లలో వెలుగునిచ్చే మిల్వా మంత్రం కూడా పని చేయదు. ఒక్కో అడుగే లెక్కపెడుతూ ముందుకి నొక్కాలి. గోడ తగిలితే తెర మీద ‘ఔచ్’ అని పడుతుంది. అక్కడ గీత గీసి, పక్కకి తిరిగి మళ్లీ. ఓపిక ఉన్నవాళ్లకి ఇదే అన్నిటికన్నా తృప్తినిచ్చే పని.

జట్టు మొత్తం చచ్చిపోతే శవాలు పడినచోటే ఉంటాయి. తేవడానికి ఇంకో జట్టుని పంపి, ఆ గడికి చేరి వెతికించాలి. పడిన గడి షీటు మీద గుర్తు పెట్టుకోకపోతే ఆ జట్టు మీద ఆశ వదులుకోవడమే. వెళ్లేవాళ్లు ముగ్గురికి మించకూడదు, ఎందుకంటే మోసుకొచ్చే శవాలు కూడా ఆరుగురి లెక్కలోకే వస్తాయి. ఇక ఏడో స్థాయి మంత్రం మాలోర్‌తో కోరిన గడికి ఎగిరిపోవచ్చు, కానీ ఎటు ఎన్ని గళ్లో మనమే చెప్పాలి. ఒక్క గడి తప్పి రాతిలో దిగితే జట్టంతా శాశ్వతంగా పోతుంది, వెతికి తేవడానికి శవాలు కూడా మిగలవు.

ఇప్పుడు ఆడాలంటే డిజిటల్ ఎక్లిప్స్ 2024లో పూర్తిగా విడుదల చేసిన రీమేక్ ఉంది. అందులో పాత యాపిల్ టూ తెరని ఒక మూల చూస్తూ ఆడొచ్చు. ఎమ్యులేటర్‌లో, అంటే పాత కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రాంలో, ఆడేవాళ్లు ఆటని ఏ క్షణంలోనైనా దాచుకుని వెనక్కి వెళ్లనిచ్చే సేవ్ స్టేట్ వాడొద్దు. అది వాడితే తప్పు గీతకి శిక్షే ఉండదు, ఇక మ్యాప్ జాగ్రత్తగా గీయాల్సిన పనేముంది? నాలుగో అంతస్తులో నీలి రిబ్బన్ అనే వస్తువు దొరికాక అక్కడి లిఫ్ట్ తొమ్మిదో అంతస్తు దాకా దింపుతుంది కాబట్టి 5 నుంచి 8 దాకా అంతస్తులు తొక్కకుండానే ఆట ముగించొచ్చు. అయినా ఆ నాలుగు షీట్లూ గీయండి. పదో అంతస్తుకి సరిపడా లెవెళ్లు జట్టుకి అక్కడే దొరుకుతాయి.