భోగ్యం కాగితం, కొరియన్ వార్త

కొరియన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టిన మా ఊరి పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, "మాటలు ఎట్లా గుర్తుపెట్టుకుంటావక్కా?" అని. పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక మా అనంతపురం వైపు కొరియన్ మీద ఆశ పెరిగింది. వ్యాకరణం మనకు పెద్ద టెన్షన్ కాదు. తెలుగులో లాగే క్రియ చివర వస్తుంది, మన విభక్తుల్లాంటివి పేరు వెనక తగులుకుంటాయి. కష్టమంతా మాటలతోనే. నేను కూడా రోజుకు ముప్పై మాటలు నోట్‌బుక్‌లో రాసుకుని ఏడాదిపాటు బట్టీ పట్టాను. పొద్దున రాసినవి రాత్రికే పోయేవి.

2023లో కొరియా వార్తల్లో ఎక్కడ చూసినా 'జొన్సె సాగి' అని కనపడేది. సాగి అంటే మోసం. జొన్సె ఏమిటో తెలియక వివరణ చదువుతుంటే సగంలోనే ఆగిపోయాను, ఎందుకంటే అది అచ్చంగా మన భోగ్యమే. ఇంటి ఓనరుకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు, నెలనెలా అద్దె ఉండదు, గడువు తీరాక (అక్కడ మామూలుగా రెండేళ్లు) ఆ మొత్తం వెనక్కి తీసుకుని ఇల్లు ఖాళీ చేస్తారు.

మేం రామ్‌నగర్‌లో అట్లాంటి ఇంట్లోనే ఉన్నాం. నాలుగు లక్షలు కట్టాం. గడువు అయిపోయాక ఓనరు మమ్మల్ని పదకొండు నెలలు తిప్పుకున్నాడు. ఆ స్టాంపు పేపరు మడతల దగ్గర చిరిగిపోతే నాయన వెనకవైపు సెల్లోటేపు వేసి, రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకుని, ప్రతి ఆదివారం దాన్ని చంకలో పెట్టుకుని బయలుదేరేవాడు. తిరిగొచ్చాక ఎవరమూ ఏమీ అడిగేవాళ్లం కాదు, ముఖం చూస్తేనే తెలిసిపోయేది.

అందుకే ఆ వార్తల్లోని మాటలు నేను నేర్చుకోలేదు, అవే లోపలికి వచ్చేశాయి. బోజుంగ్గుమ్ అంటే ముందుగా కట్టిన డబ్బు, జిప్‌జుయిన్ అంటే ఇంటి ఓనరు, సెయిప్జా అంటే అద్దెకుండేవాడు, పిహేజా అంటే నష్టపోయినవాడు. వొల్సె అంటే నెల అద్దె. జొన్సె, వొల్సె, సెయిప్జా మూడింట్లోనూ ఉన్న 'సె' అద్దేనని తెలిసిన రోజు నిద్ర పట్టలేదు. కొరియన్ మాటల్లో సగానికి పైగా ఇట్లా చైనా మూలాల నుంచి వచ్చినవే, ఒక ముక్క దొరికితే దాని చుట్టాలన్నీ దొరుకుతాయి. చివరి 'జా' మనిషిని చెప్తుంది, మన ఖాతాదారు, వాటాదారు మాటల్లో 'దారు' లాగా. గిజా అంటే విలేకరి, నోదోంగ్జా అంటే కార్మికుడు.

ఇంకో మాట, కాంతోంగ్ జొన్సె. కాంతోంగ్ అంటే ఖాళీ డబ్బా. ఇంటి మీదున్న అప్పూ, కట్టిన డబ్బూ కలిపితే ఇంటి విలువకు దగ్గరగానో అంతకు మించో ఉంటే ఆ ఇంటిని అట్లా అంటారు. ఆ 2023లోనే ఇంచన్ నగరంలో మోసపోయినవాళ్లలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. బాధితుల కోసం ప్రత్యేక చట్టం జూన్‌లో అమల్లోకి వచ్చింది, తుక్‌ప్యొల్‌బొప్ అనే మాట నాకు అట్లా వచ్చింది. వాళ్ల కష్టం మన చదువుకు సరుకు అనుకుని చదవకండి. ఆ మనిషికి చివరికి ఏమైందో కనుక్కోవాలని చదవండి.

నేను చెప్పేది, ఒకే సమస్యను పట్టుకుని రెండు వారాలు ఉండండి. రోజుకో టాపిక్ మారిస్తే రోజూ కొత్త మాటలే ఎదురవుతాయి, ఒకే సమస్యయితే అవే ఇరవై ముప్పై మాటలు తిరిగి తిరిగి వస్తాయి. రాజకీయాల వార్తలతో మాత్రం మొదలుపెట్టొద్దు, పేర్లూ పదవులతోనే అలసిపోతారు. తర్వాత నేను జననాల తగ్గుదల పట్టుకున్నాను. దాన్ని జొచుల్‌సాన్ అంటారు. అందులో 'సాన్' కనడాన్ని చెప్తుంది, అంటే భారమంతా ఆడవాళ్ల మీద పడుతుంది, కాబట్టి పుట్టడాన్ని చెప్పే 'సేంగ్' పెట్టి జొచుల్‌సేంగ్ అనాలని అక్కడ చాలామంది పట్టుబట్టారు. ఒక్క అక్షరం కోసం జరిగిన ఆ వాదన చదివాక రెండు మాటలూ జన్మలో మర్చిపోను. అక్కడ ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 2023లో 0.72, 2024లో 0.75. కొరియన్ ఎంత వచ్చో తేల్చే టోపిక్ పరీక్షలో పైస్థాయి పేపరు (టోపిక్ 2) 53వ ప్రశ్నకు గ్రాఫ్ చూసి రాయాలి కదా, తగ్గడానికి గమ్సో, పెరగడానికి జుంగా, ఈ అంకెలతోనే సాధన చేశాను. 54వ ప్రశ్నకు 600 నుంచి 700 అక్షరాల వ్యాసం రాయాలి, అక్కడ మాటలు ఎన్ని తెలిసినా చెప్పాల్సిన అభిప్రాయం లేకపోతే పెన్ను కదలదు.

మొన్న రాత్రి జొన్సె మీద ఒక వీడియో చూస్తుంటే నాయన వెనక నిలబడి చూశాడు. ఏముందో చెప్పాను. "ఆడా భోగ్యమేనా? పాపం, ఆ పిల్లోనికి దుడ్లు తిరిగొచ్చినాయామ్మా?" అన్నాడు. వీడియోలో ఆ అబ్బాయి అదే చెప్తున్నాడు, ఆజిక్ మొత్ పదస్సొయో. నేను సబ్‌టైటిల్ వైపు చూడకుండానే చెప్పాను, ఇంకా రాలేదు నాయనా అని.