పాస్‌టైమ్ చెక్క జిగ్సా: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

శనివారం: ఎస్టేట్ సేల్‌లో (ఇంటి పాత సామాను అమ్మేసేచోట) దొరికిన పార్కర్ బ్రదర్స్ పాస్‌టైమ్ పజిల్ తెరిచాను, ముక్కలు పేర్చి బొమ్మ చేసే రకం. అమెరికాలోని సేలం ఊళ్లో ఉండిన ఈ కంపెనీ వీటిని 1908లో మొదలుపెట్టింది. గిరాకీ ఎంతలా పెరిగిందంటే, మరుసటి ఏడాది మిగతా ఆటలు ఆపేసి ఫ్యాక్టరీని మొత్తం వీటికే పెట్టేశారు. ఒక్కో ముక్కనీ సన్న రంపంతో చేత్తో కోసేవాళ్లు, అదీ ఎక్కువగా ఆడవాళ్లే.

దుప్పటి మీద పోసి పదేసి చొప్పున కుప్పలు పెట్టాను. లేబుల్ మీదున్న అంకెకి ఒకటి తక్కువ. ఈ వయసు పెట్టెకి అది అదృష్టమే.

దుమ్ము దులపడానికి మెత్తని పొడి బ్రష్ చాలు. నీళ్లు తగిలితే ప్లైవుడ్ ఉబ్బుతుంది, కాగితం లేస్తుంది. ముక్కిపోయిన వాసన పోవాలంటే నీడలో గాలికి పెట్టాలి, ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. అంచు లేచినచోట టూత్‌పిక్‌తో కాస్త తెల్ల జిగురు పెట్టి, పైన బటర్ పేపర్ వేసి, బరువైన పుస్తకం ఎక్కించాను.

మంగళవారం రాత్రి: పెట్టె మీద బొమ్మ ఉండదు, పేరు ఒక్కటే ఆధారం. పైగా కోసినావిడ రంగు మారే గీత వెంటే రంపం నడిపింది. ఇంటికప్పు ఎర్రరంగు ఎక్కడ అయిపోతుందో ముక్కా సరిగ్గా అక్కడే అయిపోతుంది, కాబట్టి దాని పక్కన వచ్చేది ఆకాశమని ఆ ముక్క చెప్పదు. గడుసుది!

నాకు పనికొచ్చింది వెనకవైపు. చెక్క నార అంతటా ఒకే దిక్కుకి పోతుంది. రెండు ముక్కలు తిరగేసి నార కలిపి చూస్తే, ఏది అడ్డంగా రావాలో ఏది నిలువుగా రావాలో తేలిపోతుంది. లంగరు ఆకారం ముక్క అలాగే కూర్చుంది. దాని కొక్కెం మొన అగ్గిపుల్ల కంటే సన్నం, అయినా విరగలేదు.

చాలా ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకోవు, మోచెయ్యి తగిలితే చాలు చెదురుతాయి. ఫ్లానెల్ గుడ్డ బిగించిన బోర్డు మీద పేర్చడం మేలు.

ఆదివారం: పూర్తయింది, ఆకాశంలో ఒక్క ఖాళీ తప్ప. చుట్టూ ఉన్న ముక్కలు జిప్ కవర్లో పెట్టి, కొత్త ముక్కలు కోసిచ్చే ఆయనకి పంపుతున్నాను. రంగు పాతవాటితో కలిసేలా చెయ్యమన్నాను గానీ, వెనక మాత్రం పెన్సిల్‌తో ఈ ఏడాది అంకె వెయ్యమన్నాను. రేపు కొనేవాళ్లకి ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలిగా.