కౌసల్య పేరుతో తెల్లవారింది

తిరుమలలో తెల్లవారుజామున ఆలయ సేవకుడైన సన్నిధి గొల్ల దివిటీతో ముందు నడుస్తాడు. బంగారు వాకిలి దగ్గర వేదపండితులు సుప్రభాతం అందుకుంటారు, అన్నమయ్య వంశమైన తాళ్ళపాక వారు తంబురా మీటుతూ మేలుకొలుపు పాడతారు. ఆ సుప్రభాతంలో 29 శ్లోకాలు. దాన్ని రచించిన ప్రతివాది భయంకరం అణ్ణంగరాచార్యులు మొదటి శ్లోకాన్ని మాత్రం వాల్మీకి రామాయణం నుంచి తీసుకున్నారు.

కౌసల్యా సుప్రజా రామ పూర్వా సంధ్యా ప్రవర్తతే
ఉత్తిష్ఠ నరశార్దూల కర్తవ్యం దైవమాహ్నికమ్

ఇది బాలకాండ 23వ సర్గలోది. విశ్వామిత్రుడి వెంట రాముడు ఇల్లు విడిచి వచ్చాక మొదటి తెల్లవారుజాము. సరయూ తీరం. పదహారేళ్ళయినా నిండలేదని దశరథుడు బతిమాలుకున్న పిల్లవాడు, హంసతూలికా తల్పాలు తప్ప ఎరగనివాడు, తమ్ముడి పక్కన ఆకుల పడక మీద నిద్రపోతున్నాడు. ముందు తాటక ఉంది, మారీచ సుబాహులున్నారు. ఆ సంగతేదీ ఎత్తకుండా మహర్షి ముందు తల్లి పేరు తలిచాడు. కౌసల్య కన్న మంచిబిడ్డా, పొద్దు పొడుస్తోంది, లే నాయనా అన్నాడు. దశరథుడి పేరైనా ఎత్తలేదు. ఇంటికి దూరంగా కళ్ళు తెరిచే పిల్లవాడి చెవిన అమ్మ పేరు పడాలని ఆ కఠోర తపస్వికి తోచింది చూడండి, నాకు ఈ శ్లోకంలో అన్నిటికన్నా ప్రియమైనది అదే.

సంధ్య అనగానే మనకిప్పుడు సాయంత్రమే గుర్తొస్తుంది. ఇక్కడ పూర్వసంధ్య, అంటే ప్రాతఃకాలం. ఉష, అరుణ అని ఆడపిల్లలకి పెట్టుకుంటున్న పేర్లూ ఈ వేళవే. పురాణంలో అరుణుడు సూర్యుడి సారథి, వినత కొడుకు, గరుత్మంతుడికి అన్న. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి పాదాల దగ్గర పగ్గాలు పట్టి కనిపించేది ఆయనే.

ఉషస్సు మాత్రం వేదదేవత. ఋగ్వేదంలో ఆమెకి దాదాపు 20 సూక్తాలున్నాయి. మూడో మండలంలోని 61వ సూక్తానికి ద్రష్ట, అంటే దాన్ని దర్శించిన ఋషి, ఎవరో కాదు, విశ్వామిత్రుడే. అందులో ఆమెని ‘పురాణీ దేవి యువతిః’ అంటాడు. అనాదిగా ఉన్నదీ ఆమే, నిత్యయౌవనీ ఆమే. ఆ పక్కనే 62వ సూక్తంలో పదో మంత్రం గాయత్రి. ఉషస్సుని స్తుతించిన ఋషి, గాయత్రిలో సవితని, అంటే సూర్యుణ్ణి, ధ్యానించమన్న ఋషి, సరయూ ఒడ్డున రాముణ్ణి నిద్రలేపిన ఋషి ఒక్కరేనని మన సంప్రదాయం. ఇది తెలిశాక పొద్దున్నే ఆ శ్లోకం వినపడితే లేచి కూర్చోవాలనిపిస్తుంది, పడుకుని వినబుద్ధి కాదు.

రాముడు వెంటనే లేచాడు. అన్నదమ్ములిద్దరూ స్నానం చేసి, అర్ఘ్యమిచ్చి, ‘పరమం జపం’ చేశారని వాల్మీకి రాశాడు. ఆ జపం గాయత్రేనని వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే మేలుకొలిపిన గురువు దర్శించిన మంత్రాన్నే శిష్యుడు ఆయన ఎదుటే, ఆ వెలుగులోనే జపించాడన్నమాట. ఆ తర్వాత మహర్షికి నమస్కరించి, ప్రయాణానికి సిద్ధమై నిలబడ్డారు.