విండోస్ 11కు మారిన తరువాత మా అసెంబుల్డ్ సిస్టమ్: మరమ్మతుల నమోదు

ఫిబ్రవరి, అప్‌గ్రేడ్‌కు ముందు

మహబూబ్‌నగర్‌లో మా ఇంట్లో ఉన్న ఈ డెస్క్‌టాప్‌ను 2019లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని నేనే బిగించుకున్నాను. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, 1 టీబీ హార్డ్‌డిస్క్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె). ర్యామ్ మొదట 8 జీబీవి రెండు ఉండేవి. తరువాత వేరే కంపెనీవే అయినా అదే 3200 వేగం గల మరో రెండింటిని చేర్చాను.

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు గడువు దొరుకుతుంది. అయితే నా రైజెన్ 5 2600కు విండోస్ 11 అర్హత ఉన్నది కనుక, ఆ కొద్దికాలం కోసం పాత దానిలోనే ఉండిపోవడంలో నాకు ప్రయోజనం కనిపించలేదు. ప్రాసెసర్ సరిపోయినా మిగిలిన అడ్డంకులు రెండు: బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) టీపీఎం అనే భద్రతా భాగం ఆపివేసి ఉన్నది, విండోస్ ఉన్న ఎస్ఎస్‌డీ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్నది. ‘ఎంఎస్ఇన్ఫో32’ తెరిచి చూస్తే బయాస్ మోడ్ ఎదురుగా ‘లెగసీ’ అని కనిపించింది.

ఎంబీఆర్ నుంచి జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చడానికి ఫార్మాట్ అక్కరలేదు. విండోస్‌లోనే ఉన్న ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే కమాండ్ ఆ పని చేస్తుంది. ముందు ‘వాలిడేట్’ అనే ఆప్షన్‌తో నడిపి, డిస్క్ మార్పిడికి యోగ్యమని తేలిన తరువాతే ‘కన్వర్ట్’ ఇవ్వాలి. నడుస్తున్న విండోస్‌లోనే చేస్తున్నట్లయితే రెండు సార్లూ ‘అలోఫుల్ఓఎస్’ అని జతచేయాలి. మన దగ్గర చాలా సిస్టమ్‌లలో ఒకే డిస్క్‌ను సీ, డీ, ఈ, ఎఫ్ అని విభజించి ఇచ్చే అలవాటు ఉన్నది. పాత పద్ధతిలో అలా విభజించినప్పుడు సీ తరువాతివి సాధారణంగా ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ లోపల ఉంటాయి, అటువంటి డిస్క్‌ను ఈ కమాండ్ అంగీకరించదు. నా ఎస్ఎస్‌డీలోని డీ డ్రైవ్ కూడా అటువంటిదే కాబట్టి, అందులోని ఫైళ్లన్నీ హార్డ్‌డిస్క్‌కు చేర్చి దానిని తొలగించిన తరువాత మార్పిడి నిమిషాలలో ముగిసింది. ఇక్కడ వరుస ముఖ్యం. డిస్క్‌ను మార్చిన తరువాతే బయాస్‌లో సీఎస్ఎంను (పాత లెగసీ బూట్ పద్ధతిని) ఆపాలి. ముందే ఆపితే విండోస్ పైకి రాదు.

ఫిబ్రవరి చివర, బయాస్

బయాస్ అప్‌డేట్ ఫైలును ఎఫ్ఏటీ32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో వేసి, సిస్టమ్‌ను యూపీఎస్ మీద ఉంచి, వీధిలో కరెంటు పోయే వేళ కాకుండా చూసుకొని ఎక్కించాను. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఉన్నవారు ఈ పనికి ముందు బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి, ఎందుకంటే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం)లోని తాళపుచెవులు బయాస్ అప్‌డేట్‌తో చెరిగిపోయే అవకాశం ఉన్నది, అప్పుడు విండోస్ ఆ కీని అడుగుతుంది. నాకు ఎన్‌క్రిప్షన్ లేదని ‘మేనేజ్-బీడీఈ’ కమాండ్‌తో ముందే నిర్ధారించుకున్నాను.

కొత్త బయాస్ పాత సెట్టింగులన్నింటినీ తుడిచివేసింది. ఫ్యాన్ల వేగం, గడియారం మళ్లీ సరిచేశాను, ఎఫ్‌టీపీఎం ఆన్ చేశాను. పనిలో పనిగా బయాస్ సెట్టింగులను, గడియారాన్ని నిలిపే 2019 నాటి సీఆర్2032 బ్యాటరీని కూడా మార్చాను. ర్యామ్ 2133 వేగానికి దిగిపోయి ఉన్నది. దానిని ఆ రోజుకు అలాగే వదిలేసి విండోస్ 11 ఎక్కించాను. ఎటువంటి ఆటంకం లేకుండా ఎక్కింది. మరునాడు బయాస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను దాని కంపెనీ చెప్పిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి, ర్యామ్‌ను ఎప్పటిలా 3200కు తెచ్చాను.

ఈ వివరాలన్నీ తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి ఉంచాను. అప్‌గ్రేడ్ అని మనం ఒక్క మాటలో అంటాము గాని, అందులో బయాస్ మారుతుంది, బూట్ పద్ధతి మారుతుంది, డ్రైవర్లు మారుతాయి, ర్యామ్ వేగం మారుతుంది, ఆ తరువాత ఆపరేటింగ్ సిస్టమ్ మారుతుంది. ఇవన్నీ ఒకే వారాంతంలో జరిగినప్పుడు ఏ లక్షణాన్ని దేనికి ముడిపెట్టాలో నోటుబుక్కు లేకుండా తేల్చడం దాదాపు అసాధ్యమని నా నమ్మకం.

మార్చి మొదటి వారం

రెండు ఇబ్బందులు దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి, ఏదైనా ఫోల్డర్ తెరవగానే సిస్టమ్ అరనిమిషం పాటు బిగుసుకుపోయి, మౌస్ కదులుతున్నా ఏదీ తెరుచుకోక, ఆ తరువాత ఏమీ జరగనట్లు మామూలు కావడం. రెండు, హఠాత్తుగా నల్ల తెర వచ్చి రీస్టార్ట్ కావడం. విండోస్ 11లో ఇంతకుముందటి నీలి తెర స్థానంలో ఇప్పుడు నల్ల తెర వస్తున్నది కాబట్టి, దానిని మానిటర్ ఆరిపోవడంగా పొరబడకుండా అందులోని అక్షరాలను చదవాలి.

తెలిసినవారు కొందరు ఫార్మాట్ కొట్టమన్నారు. నేను ఆ పని చేయలేదు. ముందు కారణం తెలియాలి. అయితే వెనక్కు వెళ్లే దారి మూసుకుపోకుండా ఒక జాగ్రత్త తీసుకున్నాను. అప్‌గ్రేడ్ తరువాత పాత విండోస్‌కు తిరిగి వెళ్లే అవకాశం 10 రోజులే ఉంటుంది. ఆ గడువు లోపల అడ్మినిస్ట్రేటర్ హోదాలో ‘డిస్మ్’ కమాండ్‌కు ‘సెట్-ఓఎస్అన్‌ఇన్‌స్టాల్‌విండో’ అనే ఆప్షన్ ఇచ్చి దానిని 60 రోజుల వరకు పెంచుకోవచ్చు. 60 పెట్టుకొని నింపాదిగా వెతకడం మొదలుపెట్టాను.

బిగుసుకుపోవడం

విండోస్ తన సంఘటనలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో ‘సిస్టమ్’ లాగ్ తెరిస్తే, బిగుసుకుపోయిన ప్రతి సమయానికీ ఎదురుగా ‘స్టోర్ఏహెచ్‌సీఐ’ పేరుతో 129వ నంబరు హెచ్చరిక ఉన్నది. డిస్క్ నుంచి జవాబు రాక కంట్రోలర్ దానిని రీసెట్ చేసిందని దాని అర్థం. ఎస్ఎస్‌డీయా, హార్డ్‌డిస్కా అన్నది తేల్చడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రెండింటి స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) చూశాను. ఎస్ఎస్‌డీలో దోషం లేదు. హార్డ్‌డిస్క్‌లో 05, సీ5 వరుసలు సున్నా దగ్గరే ఉన్నాయి, అంటే డిస్క్ పళ్లెం మీద చెడిపోయిన సెక్టార్లు లేవు. సీ7 వరుసలో మాత్రం పెద్ద అంకె ఉన్నది. ఇది సీఆర్‌సీ దోషాల లెక్క. డిస్క్‌కూ బోర్డుకూ మధ్య ప్రయాణంలో సమాచారం చెడినప్పుడు పెరుగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ అంకెలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో (పదహారు అంకెల పద్ధతిలో) చూపిస్తుంది కాబట్టి మెనూలో ‘రా వ్యాల్యూస్’ను దశాంశానికి మార్చుకొని చదవాలి. ఈ అంకె ఎప్పటికీ తగ్గదు. ఎంత ఉన్నదన్నది కాక, ఇంకా పెరుగుతున్నదా అన్నదే చూడాలి. ఒక పెద్ద ఫోల్డర్‌ను కాపీ చేస్తూ గమనించగా నా కళ్ల ముందే పెరిగింది.

కేబినెట్ పక్క తలుపు తీయగానే సంగతి అర్థమైంది. హార్డ్‌డిస్క్ సాటా కేబుల్‌కు లోహపు క్లిప్ లేదు, తలుపు ఒత్తిడికి అది కనెక్టర్ దగ్గరే మడతపడి ఉన్నది, ప్లాస్టిక్ తల సగం మిల్లీమీటరు మేర పైకి లేచి ఉన్నది. అప్‌గ్రేడ్ తరువాత విండోస్ సెర్చ్ ఇండెక్స్‌ను కొత్తగా కట్టుకుంటూ అరుదుగా తెరిచే ఆ డిస్క్‌ను గంటల తరబడి చదవడం వల్లనే పాత లోపం ఇప్పుడు బయటపడింది. న్యూటౌన్‌లో క్లిప్ ఉన్న కేబుల్ వంద రూపాయల లోపే దొరికింది. దానిని మరో సాటా పోర్టుకు తగిలించి, తలుపుకు తగలకుండా ట్యాగుతో కట్టాను. ఆ తరువాత సీ7 కదలలేదు, 129 హెచ్చరికలు ఆగిపోయాయి.

రీస్టార్టులు

ఇది ఇంత సులభంగా తేలలేదు. ప్రతి రీస్టార్ట్ తరువాత ఈవెంట్ వ్యూయర్‌లో ‘కర్నెల్-పవర్ 41’ అని వస్తుంది. చాలామంది దీనిని చూసి ఎస్ఎంపీఎస్ మారుస్తారు. కాని ఈ ఈవెంట్ చెప్పేది సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదనే తప్ప కరెంటు లోపమని కాదు. దానిని తెరిచి ‘డీటెయిల్స్’లో ‘బగ్‌చెక్‌కోడ్’ అనే వరుస చూడాలి. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కు కారణం నమోదు చేసే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. అప్పుడు కరెంటునూ ఎస్ఎంపీఎస్‌నూ అనుమానించడం సబబు. నా దాంట్లో ఒకసారి 26, మరొకసారి 10 ఉన్నాయి. ఇవి దశాంశంలో ఉంటాయి, హెక్సాడెసిమల్‌కు మారిస్తే 1ఏ, ఏ అవుతాయి. మొదటిది ‘మెమొరీ మేనేజ్‌మెంట్’, రెండవది ‘ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’. ఒకే డ్రైవర్ చెడితే సాధారణంగా ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతిసారీ వేరే కోడ్, వేరే ఫైలు కనిపిస్తుంటే ముందుగా ర్యామ్‌ను చూడాలి.

నోటుబుక్కు ఇక్కడే అక్కరకు వచ్చింది. ‘పెర్ఫ్‌మాన్ /రెల్’ అని ఇస్తే తెరుచుకునే రిలయబిలిటీ మానిటర్‌లో తేదీల వారీగా ఎర్ర గుర్తులు కనిపిస్తాయి. వాటిని నోటుబుక్కు పక్కన పెట్టి చూస్తే, విండోస్ 11 ఎక్కించిన రోజున ఒక్క గుర్తు లేదు. ఎక్స్ఎంపీ ఆన్ చేసిన రోజు నుంచే అన్నీ మొదలయ్యాయి.

ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపాను. నాలుగు ర్యాములతో 3200 దగ్గర మొదటి పాస్‌లోనే (పరీక్ష మొదటి విడతలోనే) దోషాలు వచ్చాయి. పాత జతను మాత్రమే ఉంచితే లేవు, కొత్త జతను మాత్రమే ఉంచినా లేవు. అంటే ఏ ర్యామూ చెడిపోలేదు. రైజెన్ 5 2600కు అధికారికంగా చెప్పిన గరిష్ఠ ర్యామ్ వేగం 2933, అదీ రెండు ర్యాములకే. నాలుగు స్లాట్లూ నింపితే అది ఇంకా తగ్గుతుంది. ఎక్స్ఎంపీ 3200 అన్నది ర్యామ్ కంపెనీ హామీయే గాని ప్రాసెసర్ హామీ కాదు. పాత బయాస్ జోడు కుదరని ఎడ్లను ఒకే కాడికి కట్టి ఎలాగో నడిపించింది; కొత్త బయాస్ ర్యామ్‌ను సరిచూసుకునే తీరు వేరు కావడంతో అవి ఇక కలిసి నడవలేదు. నాలుగింటినీ పెట్టి 2933 ప్రయత్నిస్తే చివరి పాస్‌లో ఒక దోషం వచ్చింది. ఒక్క దోషాన్ని కూడా ఉపేక్షించకూడదు. వోల్టేజి 1.35 దగ్గరే ఉంచి వేగాన్ని 2666కు దించితే, రాత్రంతా నడిచిన నాలుగు పాస్‌లలో ఒక్కటి కూడా రాలేదు. నేను చేసే పనులలో వేగపు తేడా నాకు తెలియడం లేదు. 32 జీబీ ఉండటం మాత్రం ప్రతిరోజూ తెలుస్తున్నది.

విండోస్ ఫైళ్లను సరిచేసే ‘డిస్మ్ రిస్టోర్‌హెల్త్’, ‘ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ’ కమాండ్లను ర్యామ్ కుదిరిన తరువాతే నడిపాను. ర్యామ్ తప్పుతున్నప్పుడు వాటిని నడిపితే బాగున్న ఫైలు స్థానంలో చెడిన ఫైలు రాయబడే ప్రమాదం ఉన్నది. ‘ఎస్ఎఫ్‌సీ’ కొన్ని చెడిన ఫైళ్లను గుర్తించి సరిచేసింది. కేబుల్ గాని, ర్యామ్ వేగం గాని ఫార్మాట్‌తో నయమయ్యేవి కావు.

మార్చి చివర, ఎర్తింగ్

కేబినెట్ తెరిచి పనిచేస్తున్నప్పుడు ఇనుప భాగం తాకితే చేతికి సన్నని జివ్వు తగిలింది. మల్టీమీటర్‌తో సాకెట్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూస్తే దాదాపు 40 వోల్టులు ఉన్నది. మంచి ఎర్తింగ్ ఉన్న ఇంట్లో ఇది రెండు మూడు వోల్టులను మించదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్త్‌లోకి వదులుతాయి, దానికి దారి లేకపోతే అది కేబినెట్ మీదనే నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి మొదట అడిగిన మాట, “సార్, ఎర్త్ గుంతల నీళ్లు పోసి ఎన్ని రోజులైంది?” అని. మా పాలమూరు నేల ఎండాకాలం మొదట్లోనే బిర్రుగా ఎండిపోతుంది. ఉప్పు, బొగ్గు కొత్తగా వేసి, పైపు దగ్గర తుప్పుపట్టిన బోల్టు మార్చి, బిందెల కొద్దీ నీళ్లు పోసిన తరువాత మీటర్ 2 వోల్టులు చూపించింది. రీస్టార్టులు అంతకుముందే ఆగిపోయాయి కాబట్టి వాటికి ఇది కారణం కాదు. అయినా ఇంట్లో అందరూ తాకే వస్తువు కనుక దీనిని అన్నింటికంటే ముఖ్యమైన మరమ్మతుగా భావిస్తున్నాను.

ఏప్రిల్, మిగిలిన చిన్న పనులు

నిద్రలో పెట్టిన సిస్టమ్ అర్ధరాత్రి తనంతట తానే లేస్తుంటే ‘పవర్‌సీఎఫ్‌జీ /లాస్ట్‌వేక్’ నెట్‌వర్క్ కార్డును చూపించింది. డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ పేజీకి వెళ్లి, కంప్యూటర్‌ను లేపే అనుమతి తీసివేశాను.

గౌతమి ఫాంట్‌లో టైపు చేసి ఉంచిన పాత పత్రాలు నిర్మలా యూఐలో కనిపించి పేజీల అమరిక చెదిరింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ఆప్షనల్ ఫీచర్స్‌కు వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి. చేర్చగానే పత్రాలు యథాస్థితికి వచ్చాయి.

బయాస్ ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీసి, ర్యామ్ 2666, వోల్టేజి 1.35, సీఎస్ఎం ఆఫ్, ఎఫ్‌టీపీఎం ఆన్ అని నోటుబుక్కు అట్ట లోపల రాసి అంటించాను. పాత విండోస్ ఫోల్డర్‌ను డిస్క్ క్లీనప్‌తో తీసివేశాను. మే ఎండలు ముదరకముందే ప్రాసెసర్ థర్మల్ పేస్ట్ మార్చి, బ్లోయర్‌తో హీట్‌సింక్ దుమ్ము వదిలించడం ఒక్కటి మిగిలి ఉన్నది.