జామాయిల్ ఆకు మీద బుడిపెలు

లేత జామాయిల్ తోటలో ఆకు నడిమి ఈనె మీద, కాడల మీద, చిగురు కొమ్మల మీద వరసగా బుడిపెలు కనిపిస్తే చాలామంది ఏదో బూజు తెగులు అనుకుని మందు కొట్టేస్తారు. అది తెగులు కాదండీ. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లెప్టోసైబ్ ఇన్వేసా అనే కందిరీగ పని, మిల్లీమీటరు దాటితే గొప్ప. 2000లో పశ్చిమాసియా వైపు బయటపడింది, రెండేళ్లు తిరక్కుండానే మన దక్షిణాది తోటల్లో దిగిపోయింది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది, ఆ బుడిపెను పురుగు కట్టదు, చెట్టే కడుతుంది. తల్లి కందిరీగ లేత ఆకు పైపొర కింద గుడ్డు దింపుతుంది, అంతే, అక్కడి కణాలు ఆకుగా ఎదగాల్సిన పని మానేసి ఉబ్బడం, అదేపనిగా విభజన చెందడం మొదలుపెడతాయి, లోపల పిల్లపురుగుకు తిండి, చుట్టూ గట్టి గోడ తయారవుతాయి. ఇలాంటి పురుగులు గుడ్డుతో పాటు వదిలే ద్రవం, పిల్లపురుగు లాలాజలం చెట్టు హార్మోన్లను, ముఖ్యంగా ఆక్సిన్, సైటోకైనిన్లను తారుమారు చేస్తాయని తేలింది. బుడిపె రూపం కూడా పురుగు చేతిలోనే ఉంటుంది, ఒకే చెట్టు మీద వేరు వేరు పురుగులు వేరు వేరు ఆకారాలు పుట్టిస్తాయి. అమెరికాలో విచ్ హేజెల్ చెట్టు మీద బతికే ఒక పేనుబంకలో ఒక్క జన్యువు తేడాతో బుడిపె ఎర్రగా రావాలో పచ్చగా రావాలో తేలిపోతుందని 2021లో బయటపెట్టారు. రంగు చెట్టుది, నిర్ణయం పురుగుది!

ఎదుగుతున్న కణాలైతేనే ఈ మాట వింటాయి, ముదురు ఆకు వినదు. అందుకే నర్సరీ మొక్కలకూ, నరికిన మోళ్ల నుంచి లేచే పిలకలకూ ఇంత దెబ్బ. పైగా మనవి క్లోన్ తోటలు, అంటే ఒకే తల్లి చెట్టు నుంచి తీసిన అచ్చు ఒకేలాంటి మొక్కలు, ఒక మొక్క లొంగితే తోటంతా లొంగుతుంది. పిల్లపురుగు నెలల తరబడి గోడ లోపలే ఉంటుంది కాబట్టి పైన కొట్టిన మందు దాన్ని చేరడం చాలా కష్టం. ఆ గోడ దాటగలిగేది ఇంకో కందిరీగే. క్వాడ్రాస్టికస్ మెండెలి అనేది బుడిపెలోకే సూది దించి ఆ పిల్లపురుగు మీద గుడ్డు పెడుతుంది. ఇదీ ఆస్ట్రేలియాదే.

నా మాట వినండి, మందు డబ్బా కొనేముందు తట్టుకునే క్లోన్ ఏదో కనుక్కోండి, మొక్కలు బండికెక్కించే ముందు ఆకు కాడలు వేళ్లతో తడిమి చూడండి, బుడిపెలు తగిలితే ఆ మొక్కలు వద్దనండి.