వేలం డబ్బు ముందు ఎవరికి?

ఆఫీసు బెంగళూరు మారతహళ్లిలో, పని అమెరికాలోని టెక్సాస్‌ది. అక్కడి కౌంటీ రికార్డులు తిరగేసి, ఒక ఇంటి మీద ఎవరెవరికి ఎంత బాకీ ఉందో, ఎవరి వెనక ఎవరో రాసిపెట్టడం నా ఉద్యోగం. తాకట్టు ఇళ్ల వేలాలు అక్కడ మామూలుగా నెలలో మొదటి మంగళవారం జరుగుతాయి. దాని ముందు వారం నైట్ షిఫ్ట్‌లో మా ఫ్లోర్‌కి టీ చాలదు.

కొత్తగా చేరినవాళ్లు రిజిస్ట్రేషన్ తేదీలు చూసి వరస పెట్టేస్తారు. ఇంటి పన్నుకి ఆ లెక్క లేదు. ఏటా జనవరి 1న ఆ ఏడాది పన్ను ఇంటి మీదికి ఎక్కి కూర్చుంటుంది, బ్యాంకు తాకట్టు పదేళ్ల పాతదైనా సరే పన్నే ముందు. బ్యాంకు వేలం వేసినా ఆ బకాయి పోదు, ఇంటితో పాటే కొన్నవాడికి వస్తుంది.

ఇంటికి పనిచేసి డబ్బు రాని కాంట్రాక్టర్ సంగతి ఇంకా తమాషా. తనకు బాకీ ఉందనే కాగితం అతను ఎప్పుడో ఆలస్యంగా ఫైల్ చేసినా, సైట్‌లో పని కంటికి కనబడేలా మొదలైన రోజు నుంచో, సామాను దిగిన రోజు నుంచో ఇంటి మీద అతని హక్కు లెక్కకొస్తుంది. మొన్న ఒక ఫైల్లో ఇంటి ముందు ప్లైవుడ్ షీట్లు పేర్చి ఉన్న ఫొటో దొరికింది. బ్యాంకు తాకట్టు రిజిస్టరైంది ఆ తర్వాతి వారం. ఆ షీట్ల పుణ్యమా అని బ్యాంకు వెనక్కి పోయే పరిస్థితి! ఒకవేళ కాంట్రాక్టరే బ్యాంకు వెనక ఉంటే, బ్యాంకు వేలంతో అతని హక్కు ఎగిరిపోతుంది. ఇల్లు పాడవకుండా ఊడదీయగలిగిన ఏసీలాంటి వాటి మీద మాత్రం మిగలొచ్చు. ఎటు తిరిగినా బ్యాంకూ, కాంట్రాక్టరూ ఇద్దరూ పన్నుకి వెనకే.

ఈమధ్య మా బావ ఇక్కడే బెంగళూరులో హూడీ దగ్గర బ్యాంకు వేలంలో ఒక ఫ్లాట్ చూశాడు. "రోజూ చేసేది ఇదే పని కదరా, చూసి చెప్పు" అన్నాడు. చూస్తే ఇక్కడ వరస తలకిందులు. బాకీ కట్టనివాళ్ల తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకునేందుకు వీలిచ్చే సర్ఫేసీ చట్టంలో 26ఈ సెక్షన్ 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు తన తాకట్టును సెర్సాయ్‌లో, అంటే తాకట్ల కేంద్ర రిజిస్ట్రీలో, నమోదు చేసుకుని ఉంటే అమ్మిన డబ్బు ముందు బ్యాంకుకే. ప్రభుత్వానికైనా, కార్పొరేషన్‌కైనా పన్నులు ఆ తర్వాతే.

అలాగని బకాయి ఊరికే పోదు. "ఉన్నది ఉన్నట్టుగా" అమ్ముతున్నామని, పన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బాకీలన్నీ కొన్నవాడివేనని నోటీసులో చిన్న అక్షరాల్లో ఉంది. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ కావేరీలో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, తాకట్టు తప్ప ఏమీ లేదని బావ సంబరపడ్డాడు. ఈసీలో కనబడేవి రిజిస్టరైన లావాదేవీలే బావా, పన్ను బకాయి అందులో రాదు అన్నాను. పాట మన పేరున ఖాయమైతే ఆ రోజో, మర్నాటి పనిదినానికో ధరలో 25 శాతం కట్టెయ్యాలి. అప్పుడు వెతుక్కుంటూ కూర్చుంటే కుదరదు.

పాత ఓనరు టైల్స్ వేయించిన మేస్త్రికి డబ్బు బాకీ ఉన్నాడని వాచ్‌మన్ చెప్పాడట. "వాడొచ్చి మన మీద పడతాడా?" అని బావ టెన్షన్. పడడు. టెక్సాస్‌లో అయితే అతనికి వరసలో ఒక చోటుండేది. ఇక్కడ బిల్లు రానంత మాత్రాన బిల్డింగ్ మీద అలాంటి హక్కు పుట్టదు. పని అయిన మూడేళ్లలోపు ఆ ఓనరు మీదే కోర్టులో దావా వేసుకోవాలి. అప్పు ఎగ్గొట్టి ఫ్లాటే పోగొట్టుకున్న మనిషి దగ్గర ఏం వసూలవుతుంది? కొనేవాడికి హాయే గానీ, నాకిది న్యాయంగా అనిపించదు.

పన్ను బకాయి ఎంతో బ్యాంకు దగ్గర రాతపూర్వకంగా తీసుకోమన్నాను. బావ తీసుకున్నాడు. పాటలో తను పెట్టుకున్న పై హద్దును అంతమేరా తగ్గించాడు.